మూడు నూళ్లు

కత్తిపీట కాదది, తుప్పు గడ్డ.
కోటవీధి ఎత్తెక్కి, ఆయాసపడుతూ
సిమెంటు గోనెలో చుట్టి తెచ్చింది పరదేశమ్మ.
"మాయమ్మది బాబూ.
మోకాలికి ఆపరేసనయినాది, కింద కూకోనేను.
నిలబడి కోసీటట్టు సెయ్యగలవా?"

గోనె విప్పితే
ముందు వాసనొచ్చింది,
తర్వాతే ఇనుము కనపడింది.

పక్కింటి కుర్రాడు గ్రైండరు తెస్తానన్నాడు,
ఐదు నిమిషాల పనట.
వద్దన్నాను.
నిప్పురవ్వలు ఎగిరినంతసేపూ బాగానే ఉంటుంది.
అంచు నీలం తిరిగిందా, ఇక అది రేకు ముక్క.
పదునంటే మట్టిలో తడి అనేవాడు మా తాత,
విత్తనాలు గుప్పిట్లో పట్టుకుని.
పదునంటే ఇనుము తాగిన నీళ్లు అనేవాడు
షిప్‌యార్డులో మా మేస్త్రి.
ఇద్దరూ చెప్పింది ఒకటేనని
నాకు అరవై దాటాక తెలిసింది.

చింతపండు, కిరసనాయిలు, కొబ్బరి పీచు.
మొదటి రోజంతా ఎర్రనీళ్లే.
రెండో రోజు నల్లనీళ్లు.
గాలి తిరిగితే పోర్టు బొగ్గుదుమ్ము వచ్చి
తుడిచిన చోటే మళ్లీ కూర్చుంటుంది.
దాన్ని తుడుచుకోవడమే ఈ ఊళ్లో సగం బతుకు.

మూడో రోజు ఆకురాయి పట్టాను.
చెవులు షిప్‌యార్డుకే ఇచ్చేశాను,
ఇనుము పలికేది మణికట్టుతో వింటాను.
ముందుకు తోస్తే కోత. వెనక్కి మాత్రం ఎత్తి తేవాలి.
ఎత్తకుండా ఈడ్చేవాడి ఆకురాయి
ఆర్నెల్లకే బోడిదైపోతుంది.

అప్పుడు కనపడింది, అంచు మధ్యలో లోతు.
స్టీలు స్కేలు ఆనించి చూశాను.
మూడు నూళ్లు.
సరిగ్గా చేప తల తెగే చోట.
అరిగిన ఆ ఇనుమంతా ఎటు పోయింది?
కోనాం ముక్కల్లో, కానాగంతల పులుసుల్లో
కొద్దికొద్దిగా, కంటికి ఆనకుండా
వన్‌టౌనంతా తినేసింది.
నేనూ తినే ఉంటాను.
మా అమ్మ చేపలు కొనేది హార్బరు గేటు దగ్గరే,
బేరం తెగక రెండుసార్లు లేచి వచ్చేసి
మూడోసారి.

ఫిట్టర్ని కదా, వంకర చూస్తే చెయ్యి ఊరుకోదు.
రెండు వైపులా అరగదీసి తిన్నగా చేద్దామని
సుద్దతో గీత కూడా గీశాను.
టీకి లేచాను.
తిరిగొచ్చి బొటనవేలితో చెరిపేశాను.
ఆ లోతులో చేప జారదు.
డ్రాయింగు లేకుండా, ఇద్దరు ఆడవాళ్లు
ఒకరి తర్వాత ఒకరు కూర్చుని
యాభై ఏళ్లు చేసిన పని అది.
గుండ్రటి సానరాయి వెతికి
లోతు వెంబడే పోయాను.

పీట మాత్రం పనికిరాదు. చెదలు.
పాదం ఆనిన చోట గిన్నెలాంటి గుంట,
అదొక్కటే గట్టిగా ఉంది, మిగతాదంతా పొడి.
హుద్‌హుద్‌కి కూలిన నేరేడు దుంగొకటి
మేడ మీద ఇన్నేళ్లూ పడుంది,
దేనికో తెలియకే దాచాను.
రంపం, ఉలి, గరుకు కాగితం.
చేతి బర్మాతో నాలుగు బెజ్జాలు,
రెండు బోల్టులు కత్తికి, రెండు బల్లకి,
వాషరు కింద సైకిలు ట్యూబు ముక్క.
ఇన్నాళ్లూ కాలు తొక్కిపట్టిన బరువు
ఇకమీదట బోల్టులు మొయ్యాలి.

మంగళవారం తెల్లారకుండానే హార్బరులో బిగించాను.
బోట్లు అప్పుడే వస్తున్నాయి.
పరదేశమ్మ కోనాం తలని లోతులోకి ఒత్తింది.
చప్పుడు లేదు. తల ఇటు, ఒళ్లు అటు.
కింద, బల్ల నీడలో,
ఆవిడ కుడికాలు చెప్పులోంచి బయటికొచ్చి
తడి సిమెంటు మీద దేనికోసమో తడుముతోంది.
చూశాను. ఏమీ అనలేదు.

"బాగుందా?"
"పదునుంది" అంది.
"ఎత్తయినాది బాబూ. ఏలెడు దించు."
కవళ్లు గుప్పెడు కాగితంలో చుట్టి
నా సంచిలో పడేసింది, కూలి మాట ఎత్తకముందే.

వేలెడంటే ఎన్ని నూళ్లో అని స్కేలు తీశాను.
మళ్లీ జేబులో పెట్టేసి
"నీ వేలే ఇలా పెట్టు" అన్నాను బల్ల కాలి దగ్గర.
పొలుసులంటుకున్న వేలు.
దాని పక్కన గీత గీసి
రంపం అందుకున్నాను.